జరం విడువకుంటే ఒళ్లంతా వెతకాలె



వానాకాలం సగం దాటింది. మెట్‌పల్లి చుట్టుపక్కల పసుపు చేన్లు ఏపుగా పెరిగాయి, వరి పొట్టకు వస్తోంది, ఒడ్ల మీద గడ్డి నడుములోతు ఉంది. ఆసుపత్రుల ముందు జ్వరాల వరుస పెరిగేది కూడా ఇప్పుడే. ఈ రోజుల్లో జ్వరం అనగానే మన నోటికి మూడు పేర్లే వస్తాయి: మలేరియా, టైఫాయిడ్, డెంగీ. నాలుగో పేరు ఒకటి ఉంది. అది మన చేన్లలోనే పుట్టే జబ్బు. తొందరగా పసిగడితే వారం రోజుల గోలీలతో పోతుంది, ఆలస్యమైతే ప్రాణం తీస్తుంది. దాని పేరు స్క్రబ్ టైఫస్. ఈ పూట దాని గురించి మాట్లాడుకుందాం.

దానికన్నా ముందు ఇంకో జబ్బు మాట చెప్పాలి. మన ప్రాంతం నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు ఫోన్లలో లైమ్ వ్యాధి గురించి తల్లిదండ్రులకు చెబుతుంటారు. పెరట్లో గడ్డి కోసినా, అడవిలో నడకకు వెళ్లినా ఇంటికొచ్చి పిడుదు పట్టుకుందేమోనని ఒళ్లు చూసుకుంటారట. ఆ మాట విన్న పెద్దవాళ్లు డాక్టరునైన నన్ను అడుగుతుంటారు, "సార్, మన దగ్గర కూడా గొడ్లకు పిడుదులుంటయి, గోమార్లుంటయి. గా రోగం మనకూ వస్తదా?" అని. అడగవలసిన ప్రశ్నే.

లైమ్ అనేది అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊరి పేరు. 1975 ప్రాంతంలో ఆ ఊళ్లో, చుట్టుపక్కలా చాలామంది పిల్లలకు మోకాళ్లు వాచాయి. ఇంతమంది పిల్లలకు ఒకేసారి కీళ్లవాతం ఏమిటని నిలదీసింది డాక్టర్లు కాదు, ఆ పిల్లల తల్లులు. పాలీ మర్రే అనే ఆమె ఇంట్లో ఎవరికి ఎప్పుడు ఏం వచ్చిందో రాసిపెట్టుకుని ఆరోగ్య శాఖను కదిలించింది. అప్పుడు యేల్ విశ్వవిద్యాలయం నుంచి ఆలెన్ స్టీర్ అనే వైద్యుడు వచ్చి పరిశోధన మొదలుపెట్టాడు. మరికొన్నేళ్లకు విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదు కడుపులో ఆ సూక్ష్మజీవిని కనిపెట్టాడు. అందుకే దానికి బొరీలియా బర్గ్‌డార్ఫరై అని ఆయన పేరే పెట్టారు. లేళ్ల మీద, ఎలుకల మీద బతికే ఒక జాతి పిడుదు మనిషిని పట్టుకుని, ఒక రోజు దాటి రక్తం తాగుతూ ఉండిపోతే ఆ సూక్ష్మజీవి మనిషిలోకి చేరుతుంది. కరిచిన చోటు చుట్టూ ఒక మచ్చ లేచి రోజురోజుకూ వెడల్పు అవుతుంది. నొప్పి ఉండదు, దురద పెద్దగా ఉండదు. చామనచాయ ఒంటి మీద ఆ ఎరుపు తేలికగా తేలదు, కమిలిన మచ్చలాగే ఉంటుంది. కాబట్టి అక్కడున్న మన పిల్లలు ఎర్రటి వలయం కోసం చూస్తూ కూర్చోకూడదు. మొదటి వారాల్లో రక్తపరీక్ష కూడా రోగం లేదనే చెప్పవచ్చు. మచ్చను చూసి మందు మొదలుపెట్టాలి. ఆ మందు చాలామందికి డాక్సీసైక్లిన్. వదిలేస్తే ముఖం ఒక పక్క వంకర పోవచ్చు, గుండె లయ తప్పవచ్చు, నెలల తరవాత మోకాళ్లు వాయవచ్చు.

మన దేశంలో లైమ్ చాలా అరుదు. కర్ణాటకలో నాగరహొళె, బండీపూర్ అడవుల చుట్టూ ఉండేవాళ్ల రక్తంలో దాని ఆనవాళ్లు బెంగళూరు నిమ్హాన్స్ పరిశోధకులకు దొరికాయి. హిమాలయాల వైపు కొన్ని కేసులు వచ్చాయి. మెట్‌పల్లి రైతు దాని కోసం నిద్ర మానుకోవాల్సిన పని లేదు. గొడ్ల దగ్గర పనిచేసేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. పిడుదు ఒంటిని పట్టుకుంటే కిరోసిన్ పోయొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు. చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టుకుని నిదానంగా నిటారుగా లాగేయాలి, ఆ చోటును సబ్బుతో కడుక్కోవాలి.

మరి మన దగ్గర ఉన్నదేమిటి? లైమ్‌కు దగ్గరి పోలికలున్న జబ్బే. పురుగు కాటుతో వస్తుంది, ఒంటి మీద ఒక గుర్తు వదులుతుంది, అదే డాక్సీసైక్లిన్‌కు లొంగుతుంది. తేడా ఏమిటంటే లైమ్ నెలల తరబడి నానుస్తుంది, స్క్రబ్ టైఫస్ పది పదిహేను రోజుల్లోనే మనిషిని ఐసీయూకు చేర్చగలదు.

ఆరుద్ర కార్తెలో తొలి వానలు పడగానే ఎర్రమట్టి మీద మెత్తగా నడిచే ఎర్రని ఆరుద్ర పురుగులు మీ అందరికీ తెలుసు. వాటిని చూస్తే రైతుకు సంతోషం. అవి ఎవరినీ ఏమీ చేయవు. కానీ వాటి దగ్గరి చుట్టమే ఒకటుంది. దాన్ని నల్లి జాతి అనుకోండి. పెద్దదయ్యాక అదీ మట్టిలోనే బతుకుతుంది, మనిషి జోలికి రాదు. దాని పిల్లపురుగు మాత్రం ఒక్కసారి ఏదో ఒక ప్రాణి ఒంటి నుంచి ఆహారం తీసుకోవాలి. మామూలుగా ఎలుకలు, పందికొక్కుల చెవుల్లో చేరుతుంది. గడ్డి కొసన కూర్చుని ఎదురుచూస్తున్నప్పుడు మనిషి కాలో చేయో తగిలితే మన మీదికి ఎక్కుతుంది. మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది, కంటికి ఆనదు. కుట్టినప్పుడు నొప్పి తెలియదు. బట్ట బిగుతుగా ఉన్న చోటు, చర్మం పలచగా చెమ్మగా ఉన్న చోటు వెతుక్కుని రెండు మూడు రోజులు అక్కడే ఉండిపోతుంది. దాని లాలాజలంలో ఓరియెన్షియా సుత్సుగాముషి అనే బ్యాక్టీరియా ఉంటే అది మన ఒంట్లోకి దిగుతుంది. తల్లిపురుగు నుంచి గుడ్లకు, గుడ్ల నుంచి పిల్లలకు ఆ బ్యాక్టీరియా వారసత్వంగా అందుతుంది. అందుకే ఒకసారి ఒక గడ్డిభూమిలో చేరిందంటే ఏటేటా అక్కడే ఉంటుంది. మనిషి నుంచి మనిషికి మాత్రం అంటదు. జ్వరం వచ్చినవాళ్లను దూరం పెట్టనక్కరలేదు.

కుట్టిన వారం, పది రోజులకు, ఒక్కోసారి మూడు వారాలకు జ్వరం మొదలవుతుంది. చలి, పగిలిపోయే తలనొప్పి, ఒళ్లునొప్పులు, కళ్లు ఎర్రబడటం, కొందరికి పొడిదగ్గు, కొందరికి వాంతులు. ఇక్కడే చిక్కు. ఇవన్నీ డెంగీకీ ఉంటాయి, టైఫాయిడ్‌కూ ఉంటాయి. రక్తపరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు తగ్గి కనిపిస్తాయి. వెంటనే ఇంటిల్లిపాదీ ప్లేట్‌లెట్ల వెంట పడతారు. పొద్దున ఎన్ని, సాయంత్రం ఎన్ని అని లెక్కలు, బొప్పాయి ఆకు రసాలు. లేదా విడాల్ పరీక్ష చేయించి, అందులో ఏదో కొంచెం కనిపిస్తే టైఫాయిడ్ అని సూదులు మొదలవుతాయి. ఎప్పుడో వచ్చిపోయిన జబ్బుకు కూడా విడాల్ పాజిటివ్ రావచ్చు. అది ఒక్కటే సాక్ష్యం కాదు. ఇంకా బాధాకరమైన సంగతి, టైఫాయిడ్‌కు ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ సూది స్క్రబ్ టైఫస్ మీద పనిచేయదు. ఆ సూక్ష్మజీవి మన కణాల లోపల దాక్కుంటుంది, ఆ మందు దాన్ని ఏమీ చేయలేదు. ఐదు రోజులు సూదులు పడతాయి, డబ్బు ఖర్చవుతుంది, మంచి వైద్యమే జరుగుతోందని అందరూ అనుకుంటారు, లోపల జబ్బు ముదురుతూనే ఉంటుంది.

నేను చూసిన ఒక మనిషి గురించి చెబుతాను. ఇబ్రహీంపట్నం వైపు పల్లెటూరు. నలభై ఏళ్లుంటాయి. భర్త గల్ఫ్‌లో. పసుపు చేన్లో కలుపు తీస్తుంది, ఇంటికొచ్చి బీడీలు చుడుతుంది. ఆరు రోజుల జ్వరంతో తమ్ముడి బండి మీద వచ్చింది. చేతిలో సంచి నిండా కాగితాలు. డెంగీ లేదు, మలేరియా లేదు, విడాల్ కాస్త పాజిటివ్, ప్లేట్‌లెట్లు ఎనభై వేలు. "గోలి వేస్కుంటె తగ్గుతది సారూ, మల్ల గంటకే వస్తది. ఇడుస్తలేదు" అంది. అప్పటికే ఊపిరి కొంచెం వేగంగా ఉంది. కాగితాలన్నీ చూశాను, గొంతు చూశాను, పొట్ట నొక్కి చూశాను. ఒంటి మీద ఏమన్నా పుండు ఉందా అంటే లేదంది. మా సిస్టరమ్మను పిలిచి, పరదా వేసి తల నుంచి కాలి దాకా చూడమన్నాను. సిస్టరమ్మ ఐదు నిమిషాల్లో తిరిగొచ్చింది. లంగా నాడా కట్టుకునే చోట, వెనక వైపు, చిటికెన వేలి గోరంత నల్లటి పక్కు. చుట్టూ ఎర్రగా సన్నని అంచు. గజ్జల్లో బిళ్లలు కట్టి ఉన్నాయి. బీడీతో చురక పెడితే ఎట్లా ఉంటుందో అచ్చం అట్లా ఉంది ఆ గుర్తు.

"ఇది ఎప్పటిసంది ఉంది అమ్మా?" అని అడిగితే, "అదా? నాకు తెల్వనే తెల్వది. నొప్పి లేదు, గోకుడు లేదు" అంది. నొప్పి ఉంటే చూసుకునేది. అది నొప్పి పెట్టదు, అందుకే ఎవరూ చూసుకోరు. పరీక్షకు రక్తం పంపి, ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాం. ఆరు రోజులుగా దిగని జ్వరం రెండో రోజు రాత్రికి దిగింది. మూడో రోజు పొద్దున ఆమె తమ్ముణ్ని ఇంటికి పంపి జొన్నరొట్టె తెప్పించుకుంది.

ఆ పక్కును వైద్యంలో ఎస్కార్ అంటారు. అది అందరికీ ఉండదు. ఉన్నవాళ్లలో కూడా ఎక్కువసార్లు కంటబడని చోటే ఉంటుంది. చంకలు, గజ్జలు, రొమ్ముల కింది మడత, నడుము, పిరుదులు, మోకాలి వెనక, చెవి వెనక, బొడ్డు, జుట్టు లోపల, మర్మాంగాల దగ్గర. చెమ్మ ఉండే మడతల్లో నల్లటి పెచ్చు ఊడిపోయి పసుపు పచ్చగా చిన్న పుండులాగే కనిపిస్తుంది. నలుపు లేదని వదిలేయకూడదు. దగ్గర్లో బిళ్ల కట్టి ఉంటే, అంటే గజ్జల్లోనో చంకలోనో నొప్పిగా గడ్డలు తగులుతుంటే, ఆ కిందా పైనా ఉన్న చర్మాన్ని ఇంకా జాగ్రత్తగా వెతకాలి.

ఇప్పుడు నాకు మనసులో ఉన్న మాట చెబుతాను. ఈ జబ్బులో మనవాళ్ల ప్రాణాల మీదికి తెస్తున్నవి తొందర, సిగ్గు. పొద్దున్నుంచి వంద మందిని చూసే డాక్టరు బట్టలు తీయించి వెతకడు. వెతుకుతానన్నా ఆడవాళ్లు ఒప్పుకోరు. మగవాళ్లూ గజ్జలు చూపించరు. "జరం వస్తె ఆడెందుకు చూసుడు?" అంటారు. ఆ అభిమానాన్ని తప్పుపట్టను. కానీ దానికో దారి ఉంది. ఇంట్లో తల్లి ఉంటుంది, అక్క ఉంటుంది, ఆడబిడ్డ ఉంటుంది. ఊళ్లో ఆశ కార్యకర్త ఉంటుంది, ఏఎన్ఎం ఉంటుంది. జ్వరమొచ్చిన మనిషిని తలుపు వేసి, మంచి వెలుతురులో, ఒంటి మడతలన్నీ విప్పి ఒకసారి చూడండి. పిల్లలకైతే స్నానం చేయించేటప్పుడు చూడండి. లైమ్ ఊరి తల్లులు కూడా చేసింది అదే కదా, తమ వాళ్లను తాము గమనించుకోవడం. కనిపించింది డాక్టరుకు చెప్పండి. ఆసుపత్రుల్లో పనిచేసే నా తోటివాళ్లకూ ఇదే మనవి. నాలుగు వేల రూపాయల పరీక్షలు రాసేముందు పరదా వెనక ఐదు నిమిషాలు కేటాయించండి.

పరీక్షల సంగతి క్లుప్తంగా చెబుతాను. వీల్ ఫెలిక్స్ అనే పాత పరీక్ష ఒకటుంది. దాని మీద పూర్తిగా ఆధారపడలేం. ఐజీఎం ఎలైసా పరీక్ష మెరుగు. అదీ జ్వరం వచ్చిన ఐదారు రోజుల తరవాతే సరిగ్గా పట్టుకుంటుంది. అందుకే భారత వైద్య పరిశోధన మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి: ఐదు రోజులు దాటిన కారణం తెలియని జ్వరంలో స్క్రబ్ టైఫస్‌ను అనుమానించాలి, పరీక్ష ఫలితం కోసం మందు ఆపకూడదు.

ఆ మందు వెనక మన తెలుగువాడి చేయి ఉందని ఎంతమందికి తెలుసు? రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం, బర్మా సరిహద్దు అడవుల్లో సైనికులు స్క్రబ్ టైఫస్‌తో కుప్పలుగా పడిపోయారు. అప్పటికి దానికి నమ్మదగిన మందే లేదు. 1947, 1948ల్లో రెండు మందులు వెలుగులోకి వచ్చాయి. ఒకటి క్లోరాంఫెనికాల్. దాన్ని మలయాలో స్క్రబ్ టైఫస్ రోగుల మీదే వాడి చూశారు. రెండోది ఆరియోమైసిన్. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీశాడు. ఆ ప్రయోగశాల పరిశోధనలకు అధిపతిగా ఉండి ఆ వేట నడిపించినవాడు భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. ఆ కుటుంబంలోనే 1967లో వాడుకలోకి వచ్చింది డాక్సీసైక్లిన్. సుబ్బారావు గారు 1948 ఆగస్టులోనే కన్నుమూశారు. ఆయన మొదలుపెట్టించిన మందుల వంశంలోని డాక్సీసైక్లిన్ ఈ పూట మన మెట్‌పల్లి మందుల దుకాణాల్లో అతి చవకగా దొరికే గోలీల్లో ఒకటి.

పెద్దవాళ్లకు మామూలుగా నూరు మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఏడు రోజులు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తాం. పిల్లలకు ఏ మందు, ఎంత అన్నది బరువును బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. ఈ గోలీని ఖాళీ కడుపున వేసుకోవద్దు. నిండు గ్లాసు నీళ్లతో మింగి కనీసం అరగంట పడుకోకుండా ఉండాలి. లేకపోతే గొంతు దిగువన ఆగి అక్కడ పుండు చేస్తుంది. పాలతోనూ, గ్యాస్ కోసం తాగే తెల్లమందుతోనూ కలిపి వేసుకోవద్దు, మందు ఒంటికి సరిగ్గా పట్టదు. ఆ వారం ఎండలో తిరగడం తగ్గించుకోవాలి. జ్వరం రెండు రోజుల్లో తగ్గుతుంది గదా అని మూడో రోజు ఆపేయొద్దు. ఇదంతా విని జ్వరం రాగానే దుకాణానికి వెళ్లి సొంతంగా కొనుక్కోమని నేను చెప్పడం లేదు. డెంగీ అయినా మలేరియా అయినా డాక్సీసైక్లిన్ ఒక్కటే వేసుకుని ఇంట్లో పడుకుంటే ప్రమాదం.

ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, కామెర్లు వస్తాయి, రక్తపోటు పడిపోతుంది, మెదడుకు ఎక్కి మనిషి మగతలోకి వెళ్తాడు. వైద్యం అందకపోతే నూరు మందిలో సగటున ఆరుగురు పోతారని ప్రపంచవ్యాప్త లెక్క. కొన్నిచోట్ల అంతకు చాలా ఎక్కువ. అట్లా ముదిరిన రోగులకు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరం ద్వారా ఇస్తే ఒక్కటి ఇచ్చినదానికన్నా మేలని వేలూరు సీఎంసీ వైద్యుల ఆధ్వర్యంలో మన దేశంలోనే దాదాపు ఎనిమిది వందల మంది మీద జరిగిన అధ్యయనం 2023లో తేల్చింది.

మెదడుకు ఎక్కుతుందన్నాను కనుక ఒక చేదు జ్ఞాపకం. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో పిల్లలకు మెదడువాపు వచ్చింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటా 329 మంది పిల్లలు జబ్బు పడితే 183 మంది పోయారు. దానికి కారణం చాందీపుర వైరస్ అనీ, ఇసుక ఈగల ద్వారా వస్తుందనీ పుణె వైరాలజీ సంస్థ కనిపెట్టింది. దానికి మందు లేదు. మరోవైపు ఉత్తరప్రదేశ్‌లో గోరఖ్‌పూర్ పిల్లలకు ఏటేటా వచ్చే మెదడువాపు వెనక చాలామందిలో ఉన్నది స్క్రబ్ టైఫస్ అని తరవాత తేలింది. అంటే జ్వరం తొలి రోజుల్లోనే చవక గోలీ అంది ఉంటే వాళ్లలో ఎందరో బతికేవాళ్లు. మందు లేని రోగంతో పిల్లలను పోగొట్టుకున్న ప్రాంతం మనది. మందున్న రోగంతో ఒక్కరిని కూడా పోగొట్టుకోకూడదు.

ఇక జాగ్రత్తలు. చేను పని మానుకోమని ఎవరు చెప్పగలరు? కలుపు తీసేటప్పుడు పొడుగు చేతుల అంగీ వేసుకోండి, కాళ్లకు నిండుగా బట్ట ఉండేలా చూసుకోండి. బువ్వ తినేటప్పుడు, నడుము వాల్చేటప్పుడు ఉత్త గడ్డి మీద కాకుండా గోనెసంచి పరుచుకోండి. తీసిన అంగీ, తువ్వాల పొదల మీద, గడ్డి మీద ఆరేయొద్దు, తాడు కట్టి దాని మీద వేయండి. ఇంటికి రాగానే ముందు స్నానం. సబ్బు పెట్టి, మడతలన్నీ రుద్ది. చేన్లో వేసుకున్న బట్టలు రాత్రి ఒంటి మీద ఉంచుకోవద్దు. ఇంటి చుట్టూ పిచ్చిగడ్డి కోయించండి, ఎలుకలకు, పందికొక్కులకు తిండి దొరక్కుండా చూడండి. మరుగుదొడ్డి ఉన్నవాళ్లు పొదల చాటుకు పోవడం మానేయండి.

అమ్మలారా, అయ్యలారా. ఐదు రోజులు దాటినా జ్వరం దిగకపోతే, జ్వరంతో పాటు ఆయాసం వచ్చినా, మనిషి మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా ఒక్క పూట కూడా ఆగొద్దు. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రభుత్వాసుపత్రులకు గాని రండి. వచ్చినప్పుడు డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: జ్వరం ఎన్ని రోజులుగా ఉందో, ఈ మూడు వారాల్లో ఏ చేనుకు, ఏ గడ్డికి పోయారో, ఒంటి మీద ఎక్కడన్నా నల్లటి పక్కు ఉందో. "సార్, ఇది స్క్రబ్ టైఫస్ అయ్యి ఉంటదా?" అని అడగండి. అట్లా అడిగినందుకు ఏ మంచి డాక్టరూ నొచ్చుకోడు.